గొడుగురాయి గుట్ట మెట్లు

మా మామ ఐలయ్య, నాకు తెలిసి, ఒక్కటే అబద్ధం ఆడాడు. అదీ మైకులో ఆడాడు. ఊరి జనం ముందు, జగిత్యాల నుంచి వచ్చిన సార్ల ముందు, సగం కోసేసిన గుట్ట ముందు నిలబడి ఆడాడు.

అది మొన్నటి ఎండాకాలం మాట. మొదలైంది మాత్రం నా దుకాణంలో.

కోరుట్లలో నాకు చిన్న ఫ్లెక్సీ దుకాణం ఉంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సంతాపాలు అన్నీ ఒకే మిషన్ మీద ముద్రిస్తాను. మార్చిలో ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేని ఎండలో, ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చంకలో సంచి. సంచిలోంచి పాలిథిన్ కవరు, కవరులోంచి మడతలు పడ్డ పెద్ద కాగితం తీసి నా టేబుల్ మీద పరిచింది.

"గిది పెద్దగ చెయ్యాలె బిడ్డా. ఎంత పెద్దగంటె గంత. కండ్లు కనవడనోనికి సుత కనవడాలె."

పాత టూరిజం పోస్టర్. ఒకప్పుడు బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో అంటించేవాళ్లట. పైన లావు అక్షరాలు: 'రండి, జగిత్యాల సీమ చూడండి!' కింద ఒక గుట్ట. గుట్ట నెత్తిన గొడుగులా వంగిన బండ. ఆ బండ దాకా రాతిలో తొలిచిన మెట్లు, ఎర్రగా, ఎండకు కాలినట్టు. మెట్ల మీద పసుపు లంగా వేసుకున్న పిల్ల, పక్కన రెండు మేకలు. వెనకున్న ఆకాశం రంగు నా మిషన్‌కు జన్మలో రాదు.

"ఇది ఎక్కడిది చిన్నమ్మా?"

"మా ఊరి గుట్టనే. మేడిపల్లి కాడ, గొడుగురాయి గుట్ట. గిప్పుడు పోతె నీకు గొడుగు కనవడది, రాయి కనవడది. క్వారీ పెట్టి సగం గుట్ట మింగిండ్రు. మిగిలిన సగం సుత కావాల్నట. మెట్లు పాతకాలపుయి, గుట్టను ముట్టద్దని మేమంటె, 'మెట్లేడున్నయి, సాక్ష్యమేది' అంటున్నరు. మెట్లు పేలగొట్టి పదేండ్లాయె. సాక్ష్యం లారీలెక్కి పోయింది బిడ్డా."

"మరి ఈ పోస్టర్?"

"నా పెండ్లి పెట్టె మూతకు లోపట అంటిచ్చుకున్న. మొన్న నీళ్లు చల్లుకుంట, గోటితోని మెల్లగ ఊడదీసిన." అని పసుపు లంగా మీద వేలు పెట్టింది. "గిది నేను. సారక్కను."

నేను స్కానర్ మీద పెడుతూ కింది మూల చూశాను. సన్నని అక్షరాలు: ఐలయ్య, సిరిసిల్ల.

"చిన్నమ్మా, ఈ బొమ్మ వేసింది మా మామ."

సారక్క నోరు తెరిచింది. "అయిలన్ననా? బతికే ఉన్నడా?"

"ఉన్నడు. ఇంటి మీద మిరపకాయలు ఎండబోస్తున్నడు."

"అమ్మో! గప్పుడు మా ఇంట్ల జొన్న గటుక తాగి, గడ్డి మోపు మీద పండుకున్నడు. బొమ్మలు గీసేటోనికి గిన్నెడు గటుక పోస్తివా అని మా అవ్వను మా నాయిన తిట్టిండు. మా అవ్వ ఏమన్నదో తెల్సా? 'నా బిడ్డను గీస్తున్నడయ్యా, నిన్నెవడు గీస్తడు' అన్నది."

ఆమె నవ్వు దుకాణం నిండా పడింది. నేనూ నవ్వాను. మా ఆయన చందు టిప్పర్ అదే క్వారీలో రాళ్లు మోస్తోందని మాత్రం ఆమెతో అనలేదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

*

మామ కోరుట్లలో పేరున్న బోర్డు పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. "నా కడుపు గొట్టిన మిషనే నా ఇంటికి కోడలై అచ్చింది" అని వచ్చినవాళ్లందరికీ నన్ను పరిచయం చేసేవాడు. ఆ మాటలో కోపం ఉండేది కాదు.

ఫోన్‌లో పోస్టర్ చూపిస్తే వేళ్లతో పెద్దది చేసి చూశాడు. తర్వాత, "గీ పోరి ఒక్క తీరుగ కూసోకపోయేది. మేకలన్న నయం" అన్నాడు. ఆ తర్వాత, "అసలు బొమ్మ సిరిసిల్లల ఉండాలె. పోదాం పా."

సిరిసిల్లలో మామ అన్న బాలరాజు ఇల్లు. ఇల్లంటే ముందు పవర్‌లూమ్ షెడ్డు, వెనక బతుకు. మగ్గాల చప్పుడులో మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. షెడ్డు దూలానికి కట్టిన వెదురు బొంగు దించారు. అందులో మూడు పటాలు చుట్టి ఉన్నాయి. కాగితం కాదు, గుడ్డ. మామ వాళ్ల నాయన గుంట మగ్గం మీద నేసిన గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, దాని మీద వేసిన బొమ్మలు. వాటిని చూసే హైదరాబాద్‌లో పోస్టర్లు అచ్చు వేశారు.

రెండింటిని చెదలు తినేశాయి. జగిత్యాల కోట గోడలు పొడిపొడిగా రాలాయి. మగ్గం ముందు కూర్చున్న మనిషికి తల లేదు. గుట్ట ఒక్కటే నిలిచింది.

మామ ఎర్రటి మెట్ల మీద వేలితో మెల్లగా రుద్దాడు. వేలికి ఎరుపు అంటింది.

"ఏ జాగ బొమ్మ వేస్తె ఆ జాగ మట్టి రంగుల కలపాలె బిడ్డా. గీ మెట్లు ఊకె రంగు కాదు. ఆ గుట్ట మట్టే. జిగురుల నూరి వేసిన."

"మరి ఈ లంగా ఇంకా ఎట్లా మెరుస్తుంది?"

"రంగులు ఒడిసినయి. సైకిల్ సంచిల బోర్డులకు వేసే ఎనామిల్ డబ్బలుండె. పోరిని, మేకలను వాటితోనే వేసిన. అది పది వానలు పడ్డ పోదు."

బాలరాజు పెదమామ అరిచాడు. "ఆ చెదలు వట్టినయి రెండు చెత్తల పారెయ్‌రా! నా నూలుకు వడ్తయి."

"పటం సచ్చిపోతె చెత్తల వేస్తరానే?" అన్నాడు మామ.

మా పద్మశాలి ఇళ్లకు పటం కథ చెప్పడానికి కూనపులి వాళ్లు వచ్చేవారు. బొమ్మల పటం పొడుగ్గా దించుతూ, కర్రతో చూపిస్తూ రాత్రంతా కులం కథ పాడేవారు. మామ చిన్నప్పుడు వాళ్ల వెంట తిరిగే బొమ్మలు నేర్చాడు. పటం చినిగి, ఇక కథ చెప్పడానికి పనికిరాకపోతే వాళ్లు దాన్ని మనిషి పోయినట్టే చూసేవారట. పసుపు కుంకుమ పెట్టి, బియ్యం పోసి, గంగలో విడిచేవారట. విడిచాక వెనక్కి చూడకూడదు.

తిరుగు ప్రయాణంలో మానేరు దగ్గర బస్సు దిగాం. మడుగుల్లో నీళ్లున్నాయి. మామ ఆ రెండు పటాలకు పసుపు కుంకుమ పెట్టి, గుప్పెడు బియ్యం పోసి వదిలాడు. చేతులు కడుక్కొని రోడ్డు వైపు నడిచాడు. నేను తల తిప్పబోతే, "చూడద్దు బిడ్డా. మన పని అయిపోయింది" అన్నాడు.

గుట్ట పటం నా ఒళ్లో ఉంది. ఇంటికి చేరేలోపే దాని ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. అది ఎవరి ద్వారానో చూసి, మరునాడు హైదరాబాద్ నుంచి పూజ అనే అమ్మాయి ఫోన్ చేసింది. పాత ట్రావెల్ పోస్టర్లన్నీ పోగుచేసి మళ్లీ అచ్చు వేస్తున్నారట, తాతగారి బొమ్మ కావాలట. మామ ఫోన్ పెట్టేశాక అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

*

నా ఫ్లెక్సీ ఊళ్లో లేచింది. సారక్క వాళ్లు దాన్ని రెండు కర్రలకు కట్టి మేడిపల్లి బజారంతా తిప్పారు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ సాయంత్రం చందు టిప్పర్ ఆపి, దిగకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

"గా ఫ్లెక్సీ నీ దుకాణంలదేనా?"

"అవును."

"మంచిగ అచ్చింది" అన్నాడు. అంతే.

రెండు రోజులకు క్వారీ మేనేజర్ జలపతి ఇంటికి వచ్చాడు. మామిడిపండ్ల బుట్ట తెచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు. రాళ్ల పని చేసేవాడికి అంత తెలుపు ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాదు.

"పెదనాయినా, మంచిగున్నవా? నీ బొమ్మ ఊరంత తిరుగుతున్నది."

"బొమ్మ తిరుగుతది. గుట్ట తిరగదు. అందుకే మీకు దొరికింది" అన్నాడు మామ.

జలపతి నవ్వాడు. వాడికి కోపం రాదు. అదే వాడి ఉద్యోగం.

"ఒక్క మాట పెదనాయినా. వచ్చే వారం గుట్ట కాడ పబ్లిక్ హియరింగ్ ఉన్నది. నిన్ను సుత పిలుస్తరు. బొమ్మలు గీసేటోళ్లు అందం కోసం లేనిది పెడ్తరు గద? గదే చెప్పు. మెట్లు అందం కోసం పెట్టిన అను. ఎవ్వనికి నష్టం లేదు. పర్మిషన్ వస్తది, చందు బండి నడుస్తది."

"నేను తొక్కని మెట్టు నా బొమ్మల ఉండది."

గుమ్మంలో నిలబడ్డ చందు అప్పుడు మాట్లాడాడు. "జలపతన్నా, ఇడిసిపెట్టు. మా బాపు నోట అబద్ధం రాదు. ఉన్నదే చెప్తడు. చెప్పనియ్."

మామను ఒక్క మాట అడగలేదు. లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు చప్పుడైంది. పాస్‌పోర్ట్ పట్టుకొని వచ్చి, వెలుతురుకు పెట్టి తేదీ చూసుకున్నాడు.

మా అత్తమ్మ శంకరవ్వ బియ్యం చెరుగుతూ ఆగిపోయింది. "అదెందుకు తీసినవు కొడకా?"

"ఊకెనే చూస్తున్న అవ్వా."

మా బిడ్డ రాణి ఎక్కడి నుంచో ఉరికి వచ్చి వాళ్ల నాన్న ఒళ్లోకి ఎక్కింది. పాస్‌పోర్ట్ లాక్కొని, "గీ ఫొటోల నువ్వు దొంగ లెక్కున్నవు బాపూ" అంది. ముందటేడు చందు మస్కట్ నుంచి వచ్చిన రోజు ఇదే పిల్ల నా కొంగు వెనక దాక్కొని, 'అంకుల్ ఎప్పుడు పోతడు?' అని అడిగింది. బాపు అనడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లూ మామ చూశాడు.

జలపతి వెళ్లిపోయాడు. మామ బుట్టలోంచి ఒక పండు తీసి, వాసన చూసి, మళ్లీ బుట్టలో పెట్టాడు.

*

గుట్ట కిందే షామియానా వేశారు. కూలర్లు, మజ్జిగ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. సార్లు కూర్చున్న బల్ల వెనక గుట్ట. ఒక వైపు చెట్లు, పొదలు. ఇంకో వైపు కత్తితో కోసిన జున్నుముక్కలా నున్నగా, నిలువుగా. బొమ్మలో ఉన్నది ఏ వైపో వెతుక్కున్నాను. అక్కడ ఇప్పుడు ఉన్నది గాలే.

పొద్దున బయల్దేరేటప్పుడు, "పటం పట్టుకో బిడ్డా" అన్నది మామే. వెదురు బొంగు నా ఒళ్లో ఉంది. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఆయనకూ అప్పటికి తెలియదని ఇప్పుడు అనుకుంటాను.

సారక్క ముందు మాట్లాడింది. "సారూ, ఆ మెట్ల మీద మేం నడిచినం. మా అవ్వలు నడిచిండ్రు. పిల్లగాడు పుట్టినా, వాన రాకున్నా మొదటి మెట్టుకు పసుపు పూసినం. మీ కాగితాలల్ల లేకుంటె మెట్లు లేనట్టేనా? మీ కాగితాలల్ల మా అవ్వ సుత లేదు. మరి నేనెట్ల పుట్టిన?"

జనం చప్పట్లు కొట్టారు. బల్ల మీది సారు కూడా నవ్వి, "ఈ బొమ్మ వేసినాయన వచ్చారా?" అన్నాడు.

"వచ్చిండు సార్" అన్నాడు జలపతి.

"వచ్చిండు" అంది సారక్క. మామను చూసి అందరికన్నా ముందు ఆమే చప్పట్లు కొట్టింది. "రా అయిలన్నా, రా. చెప్పు."

మామ నడుచుకుంటూ వెళ్లి మైకు తీసుకున్నాడు.

"నా పేరు ఐలయ్య. మాది సిరిసిల్ల. గీ బొమ్మ నేనే వేసిన."

మళ్లీ చప్పట్లు.

"గుట్ట ఉండె. గొడుగురాయి ఉండె."

ఆగాడు. షామియానా చివర, ఎండలో, టిప్పర్ డ్రైవర్లంతా గుంపుగా నిలబడ్డారు. వాళ్లలో చందు ఉన్నాడు. రాణి వాళ్ల నాన్న భుజాల మీద కూర్చొని తాతకు చెయ్యి ఊపుతోంది.

"మెట్లు..." అన్నాడు మామ. "మెట్లు బొమ్మకు అందం రావాలని నేనే పెట్టిన."

సారు కుర్చీలో ముందుకు వంగాడు.

"అంటే? ఊహించి వేశారా?" అన్నాడు సారు.

"ఊహించి వేసిన సార్."

సారు పక్కనున్న మనిషి రాసుకున్నాడు. మేడిపల్లి జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అరుపులు వస్తాయని బొంగు గట్టిగా పట్టుకున్నాను. రాలేదు. సారక్క లేచింది. మైకు అడగలేదు.

"అయిలన్నా."

మామ తల ఎత్తలేదు.

"మెట్లు ఊహించినవు. మంచిది. మరి నేను దేని మీద కూసున్ననే?"

క్వారీ వాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. సారక్క వాళ్ల వైపు చూడలేదు.

"నన్ను సుత ఊహించినవా?"

మామ మైకు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కిందపడి, కీచుమని అరిచింది. ఆ అరుపులోనే ఆయన వెనక్కి వచ్చేశాడు.

చందు టిప్పర్‌లోనే ఇంటికి వచ్చాం. వాకిట్లో దిగాక చందు అన్నాడు, "నేను నిన్ను చెప్పుమనలే గద బాపూ."

"నువ్వు చెప్పుమంటె నేను చెప్పకపోదును" అన్నాడు మామ.

*

నెల తిరగకుండా పర్మిషన్ వచ్చింది. మేడిపల్లి దిక్కు నుంచి పేలుళ్ల చప్పుడు వస్తోందని మామ అనేవాడు. కోరుట్ల దాకా అది వినపడదు. అయినా ఆయన అన్నం తింటూ ఆగిపోయేవాడు. మేమూ ఆగేవాళ్లం.

రాణి పలక పట్టుకొని, "తాతా, మేక బొమ్మ గియ్యి" అంటే, "మేకలు మేయవోయినయి బిడ్డా" అనేవాడు. పలక అలాగే తిరిగి వచ్చేది.

పూజ మళ్లీ ఫోన్ చేసింది. "తాతగారూ, పేపర్లో అలా రాశారు, మెట్లు ఊహేనా? బొమ్మ కింద వివరం వేయాలి, అందుకని."

"పేపర్ల ఏమున్నదో గదే వెయ్యి బిడ్డా."

"ఒరిజినల్ పంపిస్తారా?"

"పంప." నా స్కాన్‌తోనే వాళ్లు సరిపెట్టుకున్నారు.

మే చివర్లో క్వారీలోకి కొత్త టిప్పర్లు దిగాయి. చందు బండికి రెండింతలు పెద్దవి, కంపెనీవే, డ్రైవర్లతో సహా ఎక్కడి నుంచో వచ్చాయి. "పైనోళ్ల నిర్ణయం చందూ, నా చేతుల ఏమున్నది" అన్నాడట జలపతి. అప్పుడూ తెల్ల చొక్కాయేనట. మా బండి ఇంటి ముందు నిలబడిపోయింది. దుమ్ము పట్టిన దాని డోరు మీద వాడకట్టు పిల్లలు వేళ్లతో పేర్లు రాశారు. వారం ఆగి చందు దాన్ని అమ్మేశాడు.

పాస్‌పోర్ట్ మళ్లీ బీరువాలోంచి బయటకు వచ్చింది. ఈసారి అత్తమ్మ ఎందుకని అడగలేదు. పచ్చడి జాడీలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి పచ్చడి ఎత్తుతూ కూర్చుంది.

మృగశిర కార్తె రోజు ఇంట్లో చేపల కూర. అందరం కూర్చొని తిన్నాం. రాణి ముళ్లు తీసి వాళ్ల నాన్న నోట్లో పెట్టింది. మర్నాడు పొద్దున్నే చందు మళ్లీ మస్కట్‌కు బయల్దేరాడు. మామ కాళ్లు మొక్కబోతే ఆయన కొడుకు భుజాలు పట్టుకొని లేపాడు. ఏదో అనబోయాడు. చందు, "ఏమనకు బాపూ" అన్నాడు.

పొద్దుగూకే వేళకు నా ఫోన్‌కు ఫొటో వచ్చింది. దాని వెనకే చందు గొంతు. స్పీకర్ పెట్టాను.

"బాపూ, లోపటికి అచ్చిన. గీడ ఎయిర్‌పోర్ట్‌ల గోడ పొడుగూత పాత పోస్టర్లు పెట్టిండ్రు. నీది సుత ఉన్నది. మస్తు పెద్దగున్నది. జనం దాని ముంగట నిలవడి ఫొటోలు దిగుతుండ్రు. ఒకాయన నన్ను అడిగిండు, తమ్మీ గిది యాడున్నది, ఎట్ల పోవాలె అని. నాకేం చెప్పాల్నో తెల్వలే. సరే, పిలుస్తుండ్రు. ఉంట."

మామ ఫోన్ తీసుకొని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"కింద సన్నగ ఏదో ఉన్నది. చదువు బిడ్డా."

"మీ పేరున్నది మామా. ఐలయ్య, సిరిసిల్ల."

"దాని తర్వాత?"

నేను ఫోన్ సరిచేసుకున్నట్టు నటించాను. ఆయన ఎదురు చూస్తూనే ఉన్నాడు.

"'కళాకారుడి ఊహాచిత్రం' అని ఉంది."

తల ఊపాడు. "అక్షరాలు మంచిగ పడ్డయి" అన్నాడు, బోర్డు పెయింటర్ లాగే.

*

తెల్లవారి మామ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, వెదురు బొంగు పట్టుకొని నా స్కూటీ దగ్గర నిలబడ్డాడు. అత్తమ్మ అడక్కుండానే పసుపు, కుంకుమ పొట్లాలు, బియ్యం మూట తెచ్చి ఇచ్చింది.

"ముందుగాల మేడిపల్లి దిక్కు పోనియ్" అన్నాడు.

సారక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. ఆమె వెనక గోడ పై నుంచి కింది దాకా పగిలి ఉంది. పగులులోంచి లోపలి దీపం కనిపిస్తోంది. పేలుళ్లకు పగిలిన గోడ. మమ్మల్ని చూసి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

మామ బొంగు ముందుకు చాపాడు. "చెల్లె, గిది నీ దగ్గర ఉంచుకో."

ఆమె కత్తెరతో ఆకు కత్తిరిస్తూనే ఉంది. "నేనేం జేసుకోవాలె అన్నా? ఊహించిన పోరి నా ఇంట్ల ఎందుకు?"

మామ చెయ్యి కాసేపు అలాగే ఉండి, దిగిపోయింది. మేం తిరగబోతుంటే సారక్క లేచింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఎండల అచ్చినవు, తాగు."

ఆయన ఎత్తిపోసుకొని చెంబు మొత్తం తాగాడు.

"గప్పుడు మా అవ్వ గటుక పోసింది" అంది సారక్క, చెంబు తీసుకుంటూ. "నేను నీళ్లే పోస్తున్న. ఏమనుకోకు."

మళ్లీ కోరుట్ల దాటి, రాయికల్ మీదుగా గోదావరికి పోయాం. వెనక సీటులో ఆయన బరువు లేనట్టే ఉంది. ఒకసారి అనుమానం వచ్చి అద్దంలో చూశాను. బొంగును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎదకు ఆనించి పట్టుకున్నాడు.

పై నుంచి కొత్త నీళ్లు ఇంకా రాలేదు. ఇసుకలో చాలా దూరం నడిస్తే మోకాళ్ల లోతు ప్రవాహం దొరికింది. మామ పటం పూర్తిగా విప్పి నీళ్ల అంచున పరిచాడు. ఎండలో మొత్తం బొమ్మను ఒకేసారి చూడటం నాకదే మొదలు. ఆకాశం, గొడుగురాయి, ఎర్రటి మెట్లు, పసుపు లంగా. గుట్ట మొత్తం ఉంది. ఏ వైపూ కోయలేదు.

నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టాడు. గుప్పెడు బియ్యం పోశాడు. మొదటి మెట్టు మీద బొటనవేలితో పసుపు రాశాడు. సారక్క వాళ్లు రాసినట్టే.

"మామా, వద్దు. ఎక్కడైనా దాచుకుందాం" అన్నాను.

"కథ చెప్పనీకి పనికిరాని పటం బిడ్డా. నేనే సంపిన. మట్టి నేనే ఇయ్యాలె."

రెండు చేతులతో ఎత్తి నీళ్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. ఒడ్డు వైపు తిరిగి, ఇసుకలో అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

నేను చూశాను. చూడకూడదని తెలుసు. చూశాను.

గుడ్డ కాసేపు నీళ్ల మీద పరుచుకొని తేలింది. ముందు మెట్లు కరిగాయి. నలభై ఏళ్ల నాటి జిగురు వదిలేసింది, గుట్ట మట్టి ఎర్రటి చారలై నీళ్లలోకి జారిపోయింది. కింది మెట్టు, దాని పైది, ఇంకా పైది. తర్వాత గొడుగురాయి పలచబడింది. ఆకాశం కూడా తెల్లబారింది. సుద్ద రంగు గుడ్డ మిగిలింది.

ఎనామిల్ మాత్రం పోలేదు. పసుపు లంగా వేసుకున్న పిల్ల, రెండు మేకలు, అలాగే మెరుస్తూ, దేని మీదా కూర్చోకుండా, మలుపు దాకా పోయారు.